చుట్ట పొగ, నల్ల బీరు: రుచి ఎక్కడ కలుస్తుంది?

సిగార్‌కు ముదురు రంగు బీరు ఎందుకు కుదురుతుందో తెలియాలంటే ముందు ఆ రెండూ ఎలా తయారవుతాయో చూడాలి. ఒకటి ఆకు, ఇంకొకటి గింజ. పొగాకును ఆరబెట్టి, మండె వేసి, తనలో తానే వేడెక్కి మాగేలా వదిలేస్తారు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి, ఆ తరువాత కాఫీ గింజల్లా నల్లబడేదాకా వేయిస్తారు. రెండింటిలోనూ చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి గోధుమ రంగు పదార్థాలుగా మారతాయి. 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ వివరించిన చర్య ఇదే. రొట్టె పైపొరకు రంగు, వేయించిన వేరుశనగకు వాసన వచ్చేది కూడా ఈ చర్య వల్లనే. ఇందులో పుట్టే పైరజీన్లు అనే సమ్మేళనాలు వేయించిన బార్లీలోనూ, సిగార్ పొగలోనూ ఉంటాయి. సిగార్ రుచి చెప్పేవాళ్ళు కోకో, కాఫీ, మాడిన చక్కెర, తోలు, మట్టి అంటారు. నల్ల బీరు రుచి చెప్పేవాళ్ళ నోటా ఆ మాటల్లో సగం వినిపిస్తాయి. వాటిలో ఊహ కొంత ఉన్నా, అసలు కారణం మాత్రం రసాయనంలోనే ఉంది.

ఆకు కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. పొగాకు అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు వర్తకుల ద్వారా పశ్చిమ తీరానికి చేరి, అక్కడి నుంచి దక్కనులోకి వచ్చింది. అక్బర్ ఆస్థానానికి పొగాకును పరిచయం చేసిన అసద్ బేగ్ దాన్ని మొదట చూసింది బీజాపూర్‌లో. అంటే ఉత్తరాది దర్బారుకన్నా ముందే దక్కను పొగ రుచి మరిగింది. 1617లో జహంగీర్ పొగ తాగడాన్ని నిషేధించాడు. ఆ నిషేధం ఫలించలేదనడానికి ఆ తరువాతి నాలుగు వందల ఏళ్ళే సాక్ష్యం.

తెలుగు నేలలో చుట్టకు పేరు తెచ్చింది గోదావరి లంకలు. నదీ పాయల నడుమ తేలిన ఈ దిబ్బల మీద ఏటా వరద కొత్త ఒండ్రు పరుస్తుంది. వరద తీశాక ఆ మట్టిలో పొగాకు నాటుతారు. దళసరిగా, ముదురు రంగులో, ఘాటుగా వచ్చే ఈ లంకాకు చుట్టకు పెట్టింది పేరు. పంతొమ్మిదో శతాబ్దంలో, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాకినాడ రేవు నుంచి ఇది పెద్ద ఎత్తున బర్మాకు వెళ్ళి, అక్కడి చుట్టల తయారీకి పనికొచ్చింది. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను రాజమండ్రిలో పెట్టడం వెనుక ఈ ప్రాంతపు అనుభవం ఉంది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో బ్యారన్లలో కాల్చే వర్జీనియా ఆకు సంగతి వేరు. అది లేత పసుపు రంగులో, తీపిగా ఉండి సిగరెట్లకు పోతుంది, చుట్టకు పనికిరాదు.

తెలుగువాళ్ళ సాహిత్యంలోనూ చుట్టకు చోటుంది. గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం పొగచెట్టు పుట్టుకను అమృతంతో ముడిపెట్టి పద్యం చదువుతాడు. ఆ పాత్రకు చుట్ట ఒక అలంకారం. పక్క తమిళనాట తిరుచిరాపల్లి, దిండిగల్ చుట్టలు ఇంగ్లండు దాకా పేరు మోశాయి. 1887లో అచ్చయిన ఆర్థర్ కానన్ డాయిల్ మొదటి షెర్లాక్ హోమ్స్ నవలలో నేరస్థుణ్ణి గుర్తించడానికి పనికొచ్చిన ఆధారాల్లో తిరుచిరాపల్లి చుట్ట బూడిద ఒకటి.

నాటు చుట్టకూ, క్యూబా, నికరాగువా, డొమినికన్ రిపబ్లిక్‌ల నుంచి వచ్చే సిగార్‌కూ తేడా ప్రధానంగా కూర్పులో ఉంటుంది. నాటు చుట్టలో ఈనె తీసిన ఆకును అదే రకం ఆకులో చుట్టి, దారంతో కట్టేస్తారు. సిగార్‌లో మూడు పొరలు. లోపల పొడవాటి ఆకుల పూరకం, దాన్ని పట్టి ఉంచే కట్టుడాకు, పైన చూపుకు నునుపుగా ఉండే చుట్టాకు. పూరకంలోనే రెండు మూడు రకాల ఆకులు కలుపుతారు. రుచిలోని మెలికలు అక్కడి నుంచే వస్తాయి. మండెలో ఆకు మాగేటప్పుడు లోపలి వేడి పెరిగి అమ్మోనియా బయటకు పోతుంది, కారం తగ్గుతుంది, చేదు మెత్తబడుతుంది. మండెను విప్పి, పైది కిందికి, కిందిది పైకి తిప్పి మళ్ళీ పేరుస్తారు. ఈ పని సరిగ్గా జరగని చుట్ట గొంతు పట్టేస్తుంది. నాటు చుట్ట అంత ఘాటుగా ఉండడానికి లంకాకు స్వభావం ఒక కారణమైతే, మాగబెట్టే కాలం తక్కువ కావడం ఇంకొకటి.

మామూలుకన్నా ఎక్కువ కాలం, ఎక్కువ వేడిలో మాగి దాదాపు నల్లబడిన చుట్టాకును మదూరో అంటారు. మెక్సికోలోని శాన్ ఆంద్రెస్ లోయ ఆకు, అమెరికాలోని కనెక్టికట్ బ్రాడ్‌లీఫ్ ఆకు దీనికి ఎక్కువగా వాడతారు. ఆకు దళసరిగా ఉంటేనే అంత వేడిని తట్టుకుంటుంది. నల్ల బీరు పక్కన ఎక్కువగా వినిపించే పేరు మదూరోదే. పైన చెప్పిన గోధుమ రంగు చర్య అందులో అన్నిటికన్నా ముందుకు నడిచింది కాబట్టి ఆ జోడీ సహజమే.

ఇక గింజ వైపు. ముదురు బీరు లండన్‌లో పద్దెనిమిదో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో పోర్టర్ పేరుతో ప్రబలింది. బరువులు మోసే కూలీలు తాగేవారు కాబట్టి ఆ పేరు. దానిలో గట్టి రకాన్ని స్టౌట్ పోర్టర్ అనేవారు, తరువాత స్టౌట్ ఒక్కటే మిగిలింది. ఆర్థర్ గిన్నిస్ డబ్లిన్‌లోని సెయింట్ జేమ్స్ గేట్ బ్రూవరీని లీజుకు తీసుకున్నది 1759లో. అసలు మలుపు మాత్రం 1817లో వచ్చింది. డేనియల్ వీలర్ అనే ఆంగ్లేయుడు తిరిగే పీపాలో మాల్టును మాడిపోకుండా నల్లగా వేయించే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు ముదురు రంగు కోసం మొత్తం గింజనూ పొగలో, మంటలో గోధుమ రంగుకు తేవలసి వచ్చేది, అందులో బీరు కట్టడానికి కావలసిన చక్కెర చాలా పోయేది. వీలర్ తరువాత లేత మాల్టుకు కాస్త నల్ల మాల్టు కలిపితే చాలు, రంగూ రుచీ రెండూ వచ్చేవి. నేటి స్టౌట్ ఈ ఉపాయం మీదే నిలబడింది.

నల్లగా ఉంటే బలంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాలు 4.2 శాతం, మన దగ్గర అమ్మే స్ట్రాంగ్ లేగర్లు చాలావాటికన్నా తక్కువ. అదే కంపెనీ ఫారిన్ ఎక్స్‌ట్రా స్టౌట్‌లో 7.5 శాతం. రష్యా దర్బారుకు పంపేందుకు ఇంగ్లండులో పుట్టిన ఇంపీరియల్ స్టౌట్లు 8 నుంచి 12 శాతం దాకా ఉంటాయి. శ్రీలంకలో తయారయ్యే లయన్ స్టౌట్ 8 శాతం పైమాటే, దక్షిణాసియాలో ఈ తరహాకు ఇదొక మంచి ఉదాహరణ. జర్మనీ వైపు డుంకెల్, ష్వార్జ్‌బియర్ అనేవి రంగులో ముదురుగా ఉన్నా నాలుకకు తేలిక. ఈస్టిండియా కంపెనీ కాలంలో భారతదేశానికి వచ్చిన బీరులో లేత రంగు పేల్ ఏల్‌కు పేరెక్కువ వచ్చినా, మామూలు బ్రిటిష్ సైనికుల పీపాల్లో పోర్టర్ కూడా పెద్ద ఎత్తున దిగింది. కాలక్రమంలో చల్లటి లేత లేగర్ దేశమంతా ఆక్రమించి నల్ల బీరు దాదాపు కనుమరుగైంది. 2009లో పుణేలో తెరుచుకున్న డూలాలీ దేశంలో మొదటి మైక్రోబ్రూవరీగా పేరు తెచ్చుకుంది. ఆ తరువాత బెంగళూరు, హైదరాబాద్ నగరాల్లో ఇలాంటివి వెలిసి, అక్కడి కుళాయిల్లో స్టౌట్ మళ్ళీ కనిపిస్తోంది.

ఈ నగరాలు దాటి మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ముఖేడ్ తాలూకా వైపు చూస్తే సిగార్, స్టౌట్ రెండూ దూరపు వస్తువులే. తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న దేగ్లూర్, బిలోలి, ధర్మాబాద్ ప్రాంతాల్లో మరాఠీ పక్కన తెలుగు వినిపిస్తుంది. ఈ జిల్లా 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో భాగం. ఆ రోజున బొంబాయి రాష్ట్రంలో చేరి, 1960 మే 1న మహారాష్ట్రకు వచ్చింది. పొగ విషయంలో ఇక్కడి పల్లెలకూ నిజామాబాద్ పల్లెలకూ పెద్ద తేడా లేదు. లంకాకు చుట్టకన్నా బీడీ ఎక్కువ. జిల్లా ఉత్తరాన కిన్వట్ అడవుల్లో తునికాకు దొరుకుతుంది, సరిహద్దు అవతల నిజామాబాద్ బీడీల తయారీకి పేరుమోసింది. బీడీ తరువాత సున్నం కలిపి అరచేతిలో నలిపే తంబాకు. తాగే వాటిలో నిజాం కాలం నుంచి సేందీ అని పిలిచే ఈత కల్లుకే పాత స్థానం. అదే జిల్లా కేంద్రం నాందేడ్‌లో 1708లో గురు గోవింద్ సింగ్ తనువు చాలించారు. అక్కడి హజూర్ సాహిబ్ సిక్కుల ఐదు తఖ్తుల్లో ఒకటి. ఖాల్సా దీక్ష తీసుకున్నవారికి పొగాకు పూర్తిగా నిషిద్ధం. పొగాకును ఇంత గట్టిగా కాదన్న మతసంప్రదాయం భారతదేశంలో మరొకటి అరుదు.

కల్లు, బీడీ లేక చుట్ట కలిసిన జోడీ ఈ ప్రాంతానికి పాతది. కల్లు మండువా దగ్గర ఉడికించిన గుడాలు, కారం కలిపిన మాంసం, పక్కనే పొగ. రుచి దృష్టితో చూస్తే ఈ కలయిక స్టౌట్ జోడీకి భిన్నంగా పనిచేస్తుంది. ఈత చెట్టు గీసి కుండలో పట్టిన తీపి రసంలో అడవి ఈస్టు, బాక్టీరియా వెంటనే పని మొదలుపెడతాయి. పొద్దున తియ్యగా ఉన్నది సాయంత్రానికి పుల్లబడుతుంది, ఆల్కహాలు 4, 5 శాతం దాకా చేరుతుంది. కల్లులోని పులుపు, బుస పొగ మిగిల్చిన చేదును కడిగేస్తాయి. దాని రుచికి తోడు వెళ్ళవు. స్టౌట్ మాత్రం ఆ చేదు పక్కనే నిలబడి దానికి తీపిని అందిస్తుంది. రెండూ జోడీలే గానీ ఒకటి పొగను తుడిచేది, ఇంకొకటి పెంచేది.

సిగార్, నల్ల బీరు కలిపేటప్పుడు మొదట చూడవలసింది బలం. తేలికైన సిగార్ పక్కన ఇంపీరియల్ స్టౌట్ పెడితే పొగ రుచి ఎక్కడా తెలియదు. ఘాటైన నికరాగువా సిగార్ పక్కన డుంకెల్ నీళ్ళలా అనిపిస్తుంది. లేత గోధుమ రంగు చుట్టాకు ఉన్న సిగార్‌కు డుంకెల్, ష్వార్జ్‌బియర్. మధ్యస్థంగా ఉన్నవాటికి పోర్టర్, డ్రై స్టౌట్. మదూరోకు ఓట్‌మీల్ స్టౌట్, మిల్క్ స్టౌట్, ఇంపీరియల్ స్టౌట్ సరిపోతాయి. మిల్క్ స్టౌట్‌లో కలిపే పాల చక్కెరను బీరు ఈస్టు తినలేదు, అందుకే తీపి అలాగే మిగులుతుంది. మదూరో చివరి భాగంలో చేదు పెరిగినప్పుడు ఈ తీపి బాగా ఆదుకుంటుంది. లంకాకు చుట్టను ఈ వరసలో పెట్టాలంటే పైమెట్టే. ఆ ఘాటుకు తేలిక బీరు ఏదీ నిలవదు.

కుదరనివి కూడా ఉన్నాయి. హాప్స్ పూల చేదు ఎక్కువగా ఉండే ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ)కు పొగ చేదు తోడైతే నాలుక మొద్దుబారుతుంది. జర్మనీలోని బామ్‌బెర్గ్‌లో పొగబెట్టిన మాల్టుతో చేసే రౌహ్‌బియర్ పొగ మీద పొగ అవుతుంది. మంచుగడ్డలా చల్లబెట్టిన స్టౌట్ కూడా దండగే, ఎందుకంటే అంత చల్లదనంలో కోకో, కాఫీ వాసనలు పైకి లేవవు. 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే చాలు. ఫ్రిజ్‌లో నుంచి తీసి కాసేపు బయట పెడితే అక్కడికి వస్తుంది. ఇంపీరియల్ స్టౌట్ ఇంకాస్త వెచ్చగా ఉన్నా బాగుంటుంది.

పద్ధతి విషయానికొస్తే, ముందు బీరు ఒక గుక్క ఒంటరిగా రుచి చూడాలి, తరువాత పొగ ఒంటరిగా. రెండూ విడివిడిగా తెలిసాకే కలిసినప్పుడు ఏది మారిందో అర్థమవుతుంది. సిగార్ పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చరు. సిగార్ పొగ క్షార స్వభావం కలది. సిగరెట్ పొగకన్నా సులువుగా నోటి పొర ద్వారానే నికోటిన్ ఒంటికి పడుతుంది. నిమిషానికి ఒక్క దమ్ముకన్నా ఎక్కువ లాగితే కొస వేడెక్కి, పొగ మండి, రుచి మాడుతుంది. ఖాళీ కడుపుతో మొదలుపెట్టినవాళ్ళకు తల తిరగడం, చెమటలు పట్టడం, వాంతి రావడం మామూలే. బీరు దాన్ని తగ్గించదు, పెంచుతుంది. పక్కన మంచినీళ్ళు ఉండాలి. వెలిగించడానికి పెట్రోలు లైటర్ వాడితే ఆ వాసన మొదటి దమ్ములన్నింటా ఉంటుంది, పొడవాటి అగ్గిపుల్ల మేలు.

మరాఠ్వాడా వాతావరణం సిగార్‌కు పరీక్ష. సిగార్ 65 నుంచి 70 శాతం తేమలో, 18 నుంచి 21 డిగ్రీల వేడిలో నిలవ ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో నాందేడ్ ప్రాంతంలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడి. బయట వదిలేసిన సిగార్ కొన్నాళ్ళలోనే పెళుసుబారి చుట్టాకు పగులుతుంది, అందులోని నూనెలు పోతాయి, ఆ తరువాత తేమ పెట్టినా ఆ రుచి తిరిగి రాదు. వానాకాలంలో ఇబ్బంది తిరగబడుతుంది. తేమ ఎక్కువై బూజు పట్టడం ఒకటి, 24, 25 డిగ్రీలు దాటితే ఆకులో ఉన్న గుడ్ల నుంచి పొగాకు పురుగు లేవడం ఇంకొకటి. అది సిగార్‌ను పిన్నుతో గుచ్చినట్టు తొలిచేస్తుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో తేమను నిలిపే పొట్లం పెట్టి, చల్లటి గదిలో ఉంచడం అందుబాటులో ఉన్న మార్గం. స్టౌట్‌కు వేడి, వెలుతురు రెండూ పడవు. ఎండ తగిలే కొట్లో నెలల తరబడి నిలబడిన సీసాలో తడిసిన అట్ట వాసన వస్తుంది.

రుచి కుదరడానికి ఎంత కారణం ఉందో, ఈ జోడీ ప్రమాదానికి అంతకన్నా గట్టి కారణం ఉంది, అది దాచిపెట్టి ఈ విషయం రాయకూడదు. పొగాకు పొగ, మద్యం రెండింటినీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనిషికి క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి తరగతిలో చేర్చింది. రెండూ కలిసినప్పుడు నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు కూడికలా కాదు, హెచ్చవేతలా పెరుగుతుంది. మద్యం నోటి లోపలి పొరను పల్చగా, పారగమ్యంగా చేసి పొగలోని విషాలకు దారి ఇస్తుంది. మద్యం ఒంట్లో విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ స్వయంగా డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. 1988లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, రోజుకు రెండు పెట్టెలకు తక్కువ కాకుండా సిగరెట్లు తాగుతూ నాలుగుకు మించి మద్యం గ్లాసులు తాగేవారికి నోటి, గొంతు క్యాన్సర్ ముప్పు ఆ రెండు అలవాట్లూ లేనివారికన్నా 35 రెట్లు మించి తేలింది. సిగార్ పొగ లోపలికి పీల్చం కదా అన్న ధైర్యం నోటికి వర్తించదు. పెద్ద సిగార్ ఒక్కదానిలో సిగరెట్ పెట్టెడు పొగాకు ఉండవచ్చు, ఆ పొగంతా నోట్లోనే ఆగుతుంది.

నోటి మీద పొగ దెబ్బ తీవ్రత తెలుగువాళ్ళకు ఉత్తరాంధ్రలో తెలిసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, చుట్ట నిప్పు కొసను నోటి లోపల పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ఉంది. 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో అచ్చయిన ఒక అధ్యయనం ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో 10,169 మందిని పరీక్షించి, అంగిట్లో వచ్చే పుండ్లకూ ఈ అలవాటుకూ ఉన్న సంబంధాన్ని నమోదు చేసింది. ఇక్కడ వేడి కూడా పనిచేస్తుంది. కానీ మామూలుగా తాగే చుట్ట నుంచి కూడా నోటి పొర తప్పించుకోదు. తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు మూడు వారాలు దాటినా మానని పుండు, నోరు తెరవడంలో ఇబ్బంది కనిపిస్తే దంతవైద్యుడికి వెంటనే చూపించాలి. తొలి దశలో దొరికిన నోటి క్యాన్సర్‌కు చికిత్స ఎంతో సులువు.

చట్టం గురించి తెలుసుకోవలసింది కొద్దిగా ఉంది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగడంపై దేశమంతటా నిషేధం అమల్లో ఉంది. 30 గదులకు తక్కువ కాని హోటళ్ళు, 30 మందికి తక్కువ కాకుండా కూర్చునే రెస్టారెంట్లు ప్రత్యేక గది ఏర్పాటు చేసుకోవచ్చు. 18 ఏళ్ళలోపువారికి పొగాకు అమ్మకూడదు. మహారాష్ట్రలో బీరుకు కనీస వయసు 21, గట్టి మద్యానికి 25. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 21.

ఇప్పటికే అలవాటున్నవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ జోడీలో రుచి గురించి చెప్పినదంతా రోజూ సిగరెట్, బీడీ, తంబాకు వాడేవారికి చాలావరకు అందదు; వారి నాలుక, ముక్కు రుచి, వాసనల తేడాలు పట్టే శక్తిని ముందే కొంత పోగొట్టుకుని ఉంటాయి. వారికి రుచి పాఠం కన్నా మానుకోవడమే మేలు చేస్తుంది. మొదలే పెట్టనివారు ఎప్పటికీ మొదలుపెట్టనవసరం లేదు, నల్ల బీరును కూడా. మానాలనుకునేవారికి కేంద్ర ఆరోగ్యశాఖ నడిపే పొగాకు మాన్పించే ఉచిత టెలిఫోన్ నంబరు 1800-11-2356.